మా ఇంట్లో పండగ పని నాన్నది: దసరా నుంచి నాగులచవితి దాకా చేసుకునే పద్ధతి

విజయనగరంలో మా ఇంట్లో పండగ పని నాది. బజారు చెయ్యడం, మామిడాకులు తేవడం, లైట్లు కట్టడం, బెల్లం ఎంత, ప్రమిదలు ఎన్ని, ఎవరికి ఏ బట్టలు, అన్నీ నేనే చూసుకుంటాను. మా ఆవిడ స్టాఫ్ నర్సు. పండగ నాడు ఆమెకి ఏ షిఫ్టు పడుతుందో వారం ముందు గానీ తెలీదు. పెద్దది ఏడో తరగతి, చిన్నోడు రెండో తరగతి. ఈ పనిలో వాళ్ళిద్దరే నా జట్టు.

"అయ్యో, అన్నీ మీరే చేసుకుంటున్నారా" అని ఎవరైనా జాలిపడితే నేను ఒప్పుకోను. సంవత్సరం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. దసరా ముందు గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో బంతిపూల బుట్టలు దిగుతుంటే, బట్టల కొట్ల ముందు జనం ఒకరినొకరు తోసుకుంటుంటే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. పిల్లల కోసం చేస్తున్నామని పెద్దవాళ్ళం అంటాం గానీ, అందులో మన సరదా కూడా ఉంది. ఉండాలి. పెద్దవాళ్ళు సరదా పడని ఇంట్లో పిల్లలకీ పండగ అనిపించదు.

మరి చాలా ఇళ్ళలో పండగ రోజు మధ్యాహ్నానికే అమ్మానాన్నలు డీలాపడి ఎందుకు కూర్చుంటారు? నాలుగు వారాల పనిని ఒకటిన్నర రోజులోకి కుక్కేయడం వల్ల. ఆ పనుల్ని విడదీసి, ముందు వారాల్లోకి జరిపి, ఒక్కో దాన్నీ ఒక్కో సాయంత్రానికి పెట్టుకుంటే ఆ సాయంత్రాలు కూడా పండగే అవుతాయి. నేను చెప్పబోయేదంతా ఇదే. మాది విజయనగరం కాబట్టి మా లెక్క దసరాతో మొదలై సిరిమాను (మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర), దీపావళి మీదుగా నాగులచవితితో ముగుస్తుంది. 2025లో దసరా అక్టోబరు 2న, సిరిమానోత్సవం 7న, దీపావళి 20న, నాగులచవితి 25న వచ్చాయి. తేదీలు ఏటా మారినా వరస ఇదే. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ఆశ్వయుజ అమావాస్య దీపావళి, ఆ తర్వాత చవితి నాడు పుట్టలో పాలు.

ముందు ఒక నోటుబుక్కు

ఫోన్లో రాసుకోవచ్చు, కానీ పిల్లలకి కనిపించదు. మా ఇంట్లో ఒక రూళ్ళ నోటుబుక్కు ఉంది, దాని బాధ్యత పెద్దదానిది. ఎడమ పేజీలో కొనాల్సినవి, కుడి పేజీలో కొన్న ధర. కిందటి ఏడు మిగిలినవి ఏంటో మొదటి పేజీలోనే ఉంటాయి. మిగిలిన లైట్ల దండలు, పూజ సామాన్లు, ముగ్గు రంగులు అటక మీంచి దించి చూడకుండా బజారుకి వెళ్ళకండి. ఉన్నవే మళ్ళీ కొనడం వల్ల పండగ ఖర్చు తెలీకుండా పెరుగుతుంది.

డబ్బుని నాలుగు కవర్లలో పెడతాను: బట్టలు, తిండి, అలంకరణ, టపాసులు. ఒక కవర్లో అయిపోతే ఇంకో కవర్లోంచి తియ్యొచ్చు, కానీ ఎందులోంచి తీస్తున్నామో పిల్లల ముందే చెప్పి తియ్యాలి. కిందటేడు చిన్నోడు తనంతట తనే టపాసుల కవర్లోంచి కొంత తీసి లైట్లకి ఇచ్చాడు. నేను పాఠం చెప్పి ఉంటే వాడు వినేవాడు కాదు.

బట్టలు

పెద్దవాళ్ళ బట్టలు ఆషాఢంలోనే కొనేస్తాను. తగ్గింపు ధరలు ఉంటాయి, కొట్టువాళ్ళకి చూపించే తీరిక ఉంటుంది. జాకెట్టు గుడ్డలు, కుట్టించాల్సినవి వినాయకచవితి లోపల టైలరుకి ఇచ్చెయ్యాలి. దసరా దగ్గర పడ్డాక ఏ టైలరూ "అవుతుంది" అనడమే తప్ప ఇవ్వడు. పిల్లలవి మాత్రం ముందే కొనకండి, మూడు నెలల్లో పొట్టి అయిపోతాయి. దసరాకి రెండు వారాల ముందు, అది కూడా ఆదివారం కాకుండా మామూలు రోజు సాయంత్రం తీసుకెళ్ళండి. స్కూలు నుంచి వచ్చి, ఏదైనా తిన్న తర్వాత. ఆకలితో ఉన్న పిల్లాడు ఏ చొక్కా చూపించినా వద్దంటాడు.

దీపావళి రాత్రికి వేసుకునే జత నూలుదే ఉండాలి. మెరిసే పరికిణీలు, నైలాన్ చున్నీలు దసరాకి కట్టించండి, దీపావళికి కాదు. నిప్పురవ్వ పడితే నూలు మాడుతుంది, సింథటిక్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఇది మా ఆవిడ పెట్టిన రూలు, దీని మీద ఇంట్లో చర్చ లేదు.

మా నాన్నగారికి పండక్కి పొందూరు ఖద్దరు కండువా తెస్తాను. వీలైతే పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. రైల్లో అయితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాక పొందూరు వస్తుంది, స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఆటోలో వెళ్ళాలి. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. ఆ దవడకి ఉండే సన్నటి పళ్ళే దువ్వెన. చేప దవడ చేతిలో పట్టుకుని ఒక పెద్దావిడ పత్తిని ఏకుతుంటే మా చిన్నోడు కదలకుండా నిలబడి చూశాడు. సన్న నూలు పంచె ఖరీదు ఎక్కువే. కండువా, తువ్వాలు అందుబాటులో ఉంటాయి. తాతకి కండువా ఇచ్చేటప్పుడు, దాన్ని ఎలా తయారుచేస్తారో మనవడే చెబుతాడు. ఆ మాటలు వింటూ మా నాన్నగారు కండువా మడత విప్పి మళ్ళీ మళ్ళీ చేత్తో తడుముతారు. ధర చీటీ చూసి కొన్న ఏ బహుమతికీ నేను అలాంటి ముఖం చూడలేదు.

పూలు, తోరణాలు

మహర్నవమి ముందు రోజు బంతిపూల ధర ఒక్కసారిగా ఎక్కుతుంది, ఎందుకంటే ఆయుధపూజకి ప్రతి బండికీ, ప్రతి మిషనుకీ దండ కావాలి. పువ్వుని రెండు రోజులు ముందు తెచ్చుకుంటే ఆ తాకిడి తప్పుతుంది. దండ మూర లెక్కన కొనకండి, విడిపూలు కిలో లెక్కన కొనండి. తొడిమ గట్టిగా, రేకులు దగ్గరగా ఉన్న పువ్వు నిలుస్తుంది. తెచ్చాక నీళ్ళు చల్లొద్దు, కుళ్ళిపోతాయి. వెదురు బుట్టలో పోసి పైన తడి గుడ్డ కప్పి, గాలి తగిలే చోట పెట్టండి. గుచ్చేటప్పుడు సూదిని తొడిమ మధ్యలోంచి పోనివ్వాలి, రేకుల్లోంచి కాదు. దారం రెండు పేటలు వెయ్యాలి. పిల్లలకి మొద్దు సూది ఇచ్చి, ఒక పసుపు, ఒక నారింజ, మధ్యలో ఒక మామిడాకు అని లెక్క చెబితే గంటసేపు కూర్చుంటారు.

మామిడాకులకి లేత చిగుళ్ళు కొయ్యకండి, సాయంత్రానికి వేలాడిపోతాయి. ముదురు ఆకుపచ్చవి, బొటనవేలి వెడల్పు దాటినవి చూసుకోండి. తడిగుడ్డతో తుడిచి, ఆకు మొదలుని పురికొస మీదుగా వెనక్కి మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో కుట్టాలి. స్టేప్లర్ కొట్టినది ఎండాక ఊడిపోతుంది, పైగా ఆ పిన్నులు తర్వాత గుమ్మంలో కాళ్ళకి గుచ్చుకుంటాయి. ఈనెలు ముందే వేలెడు వేలెడు ముక్కలు విరిచి గిన్నెలో పెట్టుకుంటే పని చకచకా సాగుతుంది. మా ఇంట్లో ఈనెలు విరవడం చిన్నోడి పని, కుట్టడం పెద్దదాని పని, మేకులకి కట్టడం నా పని. గుమ్మానికి శాశ్వతంగా రెండు మేకులు ఉంచండి. ప్రతి పండక్కీ సుత్తి వెతుక్కోవడం ఉండదు.

దసరాకి బొమ్మ కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్క బొమ్మలు చూడండి. అంకుడు కర్రతో చేసి, మొక్కల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి పూస్తారు. మా చిన్నోడికి ఇచ్చిన బొంగరం ఇంకా తిరుగుతోంది, ప్లాస్టిక్ తుపాకీ మాత్రం దసరా సెలవులు కూడా దాటలేదు.

సిరిమానుకి పిల్లల్ని తీసుకెళ్ళాలంటే

విజయనగరంలో పుట్టిన వాళ్ళకి దసరా కన్నా ఇదే పెద్ద పండగ. చుట్టాలు దసరాకి రాకపోయినా సిరిమానుకి వస్తారు. వాళ్ళకి పడకలు, దుప్పట్లు, రెండు రోజుల వంట, ఇవి సోమవారం తొలేళ్ళకి (సిరిమాను ముందు రోజు ఉత్సవం) ముందే చూసుకోవాలి. మంగళవారం పొద్దున్న కూరగాయల కోసం బయల్దేరితే ట్రాఫిక్కులో ఇరుక్కుంటారు.

ముందు రోజు రాత్రి పిల్లలకి కథ చెప్పండి. 1757 బొబ్బిలి యుద్ధం, విజయనగరం రాజుగారి చెల్లెలు పైడిమాంబ (ఆవిడే పైడితల్లి అమ్మవారు అయిందంటారు), పెద్దచెరువులో దొరికిన అమ్మవారి విగ్రహం, ఇవి మన ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునేవే. పూజారి కలలో అమ్మవారు చెప్పిన చోట చింతచెట్టు దొరకడం, దాన్ని తెచ్చి మానుగా మలచడం, 55-60 అడుగుల ఆ మాను చివర ఆసనంలో పూజారి కూర్చోవడం కూడా చెప్పండి. కథ తెలిసిన పిల్లలు ఎండలో ఓపిగ్గా నిలబడతారు. తెలియని వాళ్ళు పది నిమిషాలకి "ఇంటికి పోదాం" అంటారు. సిరిమాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వస్తాయి. ఈ పేర్లు ముందే చెప్పి ఉంచితే ఒక్కొక్కటి రాగానే పిల్లలే గట్టిగా చెబుతారు, పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళు కూడా విని నవ్వుతారు.

చోటు సంగతి. మూడు లాంతర్ల కూడలి దగ్గర, చదురుగుడి (ఊళ్ళో ఉన్న అమ్మవారి గుడి) ముందు పిల్లలతో నిలబడొద్దు, తొక్కిడి అక్కడే ఎక్కువ. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, కాబట్టి మొదటిసారి సరిగ్గా కనపడకపోయినా బెంగ లేదు. ఆ దారిలో ఎవరైనా తెలిసినవాళ్ళ మేడ ఉంటే దానికి మించింది లేదు, నెల ముందే అడిగి పెట్టుకోండి, వెళ్ళేటప్పుడు వాళ్ళకి ఏదైనా తీసుకెళ్ళండి. రోడ్డు మీదే నిలబడితే పిల్లల జేబులో మన ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, తప్పిపోతే ఎక్కడ నిలబడాలో చూపించండి. కాళ్ళకి చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవి వెయ్యండి. మజ్జిగ సీసా, టోపీ మర్చిపోవద్దు. జనం మాను మీదకి అరటిపళ్ళు విసురుతారు, చిన్నోడిని భుజాన ఎక్కించుకుంటే ఒక చెయ్యి వాడి తల దగ్గర ఉంచండి.

జాతరలో పిల్లలకి చెరో 200 రూపాయలు ఇస్తాను. దేనికి ఖర్చు పెట్టుకుంటారో నేను అడగను. బుడగ, పీచుమిఠాయి, గాజులు, ఏదైనా సరే. మనం ఏడాది పొడుగునా వాళ్ళ తరఫున మంచీ చెడూ చూసే కొంటాం. ఒక్కరోజు వాళ్ళ ఇష్టం వాళ్ళది. ఆ డబ్బుని గుప్పెట్లో పట్టుకుని ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి తిరిగేటప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే గంభీరం చూడటానికే నేను జాతరకి వెళ్తాను.

తిండి: ఒకటి చెయ్యండి, మిగతావి కొనండి

అన్ని పిండివంటలూ ఇంట్లోనే చెయ్యాలని పంతం పట్టే వాళ్ళంటే నాకు గౌరవం ఉంది, కానీ ఉద్యోగాలు చేసే ఇంట్లో అది పండగని మింగేస్తుంది. మేం ఒక్కటే చేస్తాం, బెల్లం గవ్వలు. పిల్లలు చెయ్యగలిగిన వంట అది.

అరకిలో గోధుమపిండి, చిటికెడు ఉప్పు, నాలుగైదు చెంచాల వేడి నూనె. నూనెని పిండి అంతా పట్టేలా చేత్తో రుద్ది, గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి. అప్పుడు కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. ఉసిరికాయలో సగం ఉండలు చేసి గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తే గీతలతో గవ్వ తయారవుతుంది. పిల్లల వేళ్ళకి ఇది పెద్దవాళ్ళ కన్నా బాగా వస్తుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన గానీ, ఫోర్కు వెనక భాగం గానీ చాలు. నూనె బాగా కాగాక మంట తగ్గించి నెమ్మదిగా వేయించాలి. పెద్ద మంట మీద పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండి, రెండో రోజుకే మెత్తబడతాయి.

పాకానికి 400 గ్రాముల బెల్లం, మునిగేటన్ని నీళ్ళు. కరిగాక వడగట్టండి, ఇసుక ఉంటుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి ముదురు పాకం దాకా తేవాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వేసి చూడండి. మెత్తటి ఉండ అయితే ఇంకా ఆగాలి. గట్టిపడి, పళ్ళానికి కొడితే టంగుమని మోగితే పాకం వచ్చినట్టు. యాలకుల పొడి, చెంచా నెయ్యి వేసి, గవ్వలు పోసి ఆపకుండా కలపండి. ఆ మోగే చుక్క కోసం పిల్లలు చెవి రిక్కించి కూర్చుంటారు, పొయ్యికి రెండడుగుల దూరంలో, స్టూలు మీద. దగ్గరికి రానివ్వకండి, బెల్లం పాకం నీళ్ళ కన్నా ఘోరంగా కాలుస్తుంది.

బెల్లం కొనేటప్పుడు మరీ తెల్లగా, పసుపుగా మెరిసేది వద్దు, కాస్త ముదురు రంగుదే తీసుకోండి. జీడిపప్పు పలాస నుంచి వచ్చేది మన దగ్గర సులువుగా దొరుకుతుంది. 180, 240, 320 అని నంబర్లు చెబుతారు. ఒక పౌనుకి దాదాపు అన్ని గింజలు తూగుతాయని అర్థం, నంబరు పెరిగే కొద్దీ గింజ చిన్నది. ప్లేట్లో పెట్టి ఇవ్వడానికైతే 240 బాగుంటుంది. పొడి కొట్టి బర్ఫీ చెయ్యడానికీ, పాయసంలోకీ బద్దలు చాలు, రుచిలో తేడా ఉండదు, ధరలో ఉంటుంది.

దీపాలు, లైట్లు

ప్రమిదలు సిరిమాను అయిపోగానే కొనండి. అప్పుడు అమ్మేవాళ్ళ దగ్గర రద్దీ ఉండదు, ఏరుకోనిస్తారు. గంటస్తంభం దగ్గర ఒక పెద్దావిడ ప్రతి ఏడూ నన్ను గుర్తుపట్టి "ఏటి బాబూ, ఈ ఏడు కూడా బేగే వచ్చీసినావు" అంటుంది. ఆవిడ దగ్గర నేను బేరం ఆడను. మట్టి తొక్కి, తిప్పి, కాల్చి, నెత్తి మీద మోసుకొచ్చిన దీపం అది. వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే బాగా కాలినది. మోగని దాంట్లో నూనె ఇంకిపోతుంది. ఎంత మంచివైనా దీపావళి ముందు రోజు ఒక పూట నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. అప్పుడు నూనె తక్కువ పీలుస్తాయి, గోడల మీద జిడ్డు మరకలు కూడా పడవు. నువ్వుల నూనె, చేత్తో చేసిన దూది వత్తి. వత్తుల పని మా అమ్మది, సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని చేస్తుంది. పక్కన కూర్చుని పెద్దది కూడా నేర్చుకుంది.

కరెంటు లైట్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఒకటే రంగు. పసుపు తెలుపు కలిసిన వెచ్చటి రంగు దండలు బాల్కనీకి, మెట్లకి కట్టి చూడండి. రకరకాల రంగులు, ఆరుతూ వెలుగుతూ ఉండేవి పెడితే మట్టి దీపం అసలు కనిపించదు. పిల్లలకి రంగులు కావాలంటే వాళ్ళ గది కిటికీకి ఒక దండ ఇవ్వండి. కట్టే ముందు ప్రతి దండనీ నేల మీద పరిచి వెలిగించి చూడాలి. ఇనుప గ్రిల్లుకి నేరుగా చుట్టొద్దు. అతుకులు తడవని చోట ఉండాలి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి అన్నీ గుచ్చొద్దు.

తడి సంగతి ఎందుకంటున్నానంటే, మన తీరానికి అక్టోబరు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ 11న శ్రీకాకుళం జిల్లా మీద పడింది. అందుకే అలంకరణలో సగం ఎప్పుడూ వరండా లోపలే పెట్టుకుంటాను. వాన పడినా, కరెంటు పోయినా ఆ సగం నిలుస్తుంది. ముగ్గు కూడా వరండాలోనే, బియ్యప్పిండితో. బయట వాకిట్లో వేసేది వాన లేకపోతేనే.

దీపావళి సాయంత్రం

మన ఉత్తరాంధ్ర దీపావళిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దివిటీలు కొట్టడం. పట్నాల్లో పెరిగిన పిల్లలకి ఇది చూపించకపోతే వాళ్ళకి ఎప్పటికీ తెలీదు. గోగు పుల్లల చివర గుడ్డ వత్తి కట్టి వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకేసి కొడతారు. పెద్దలకి, అంటే పోయిన మనవాళ్ళకి, వెలుగు చూపించడం అని మా అమ్మ చెబుతుంది. మా పెద్దది ఆ మాట విన్నప్పటి నుంచి తాతమ్మ పేరు చెప్పి కొడుతుంది.

పుల్లలు ఎక్కడ దొరుకుతాయి? మన జిల్లాల్లో గోగు పంట పాతది. కట్టలు కట్టి చెరువులో నానబెట్టి నార వలిచాక తెల్లటి పుల్లలు మిగులుతాయి. నెల్లిమర్ల జూట్ మిల్లు సంగతి తెలిసిన వాళ్ళకి ఈ నార సంగతి చెప్పక్కర్లేదు. సాగు ఇప్పుడు తగ్గింది, కానీ పల్లెటూరి చుట్టాల్ని వారం ముందు అడిగితే ఒక కట్ట వస్తుంది. దొరక్కపోతే ఆముదం కొమ్మలు. వత్తికి పాత నూలు పంచె ముక్కే వాడండి. పాలిస్టర్ అయితే మండుతూ కరిగి చుక్కలు కారుతుంది. గుడ్డని నువ్వుల నూనెలో ముంచి, చేత్తో గట్టిగా పిండి, అప్పుడు కట్టాలి. నూనె కారకూడదు. పుల్ల కనీసం మీ పిల్లాడి చెయ్యంత పొడుగు ఉండాలి. ఒక్కొక్కళ్ళే కొట్టాలి, మధ్యలో నాలుగడుగుల ఖాళీ. అయిపోయాక పుల్లల్ని వాకిట్లోనే ఒక పక్కన పెట్టి, నీళ్ళు పోసి ఆర్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి తీపి తినాలి. మా ఇంట్లో ఆ తీపి గవ్వలే.

టపాసుల్లో పేలేవి తక్కువ, వెలిగేవి ఎక్కువ తీసుకుంటాం. చిచ్చుబుడ్లు, భూచక్రాలు, కాకరపువ్వొత్తులు. పెట్టె మీద గ్రీన్ క్రాకర్స్ గుర్తు చూసి కొనండి. 2018లో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి టపాసులకి 8 నుంచి 10 గంటల దాకా సమయం పెట్టింది. పిల్లలకి కూడా ఆ రెండు గంటలు బాగా సరిపోతాయి. కాకరపువ్వొత్తి పసిపిల్లల సరుకు అనుకుంటాం గానీ, దాని వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. కాలిపోయిన తీగని వెంటనే నీళ్ళ బకెట్లో వెయ్యడం చిన్నోడికి అలవాటు చేశాను. ఏ దీపావళికైనా వాడి మొదటి పని బకెట్టు నింపడమే. ఎవరికైనా కాలితే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు ఏమీ రాయొద్దు. ఆ తర్వాత ఆసుపత్రి. ఈ మాట మా ఆవిడ ప్రతి దీపావళికీ వీధిలో అందరికీ చెబుతుంది.

ఆవిడకి నైట్ డ్యూటీ పడిన ఏడు మేం పండగని పెందలాడే చేసుకున్నాం. మధ్యాహ్నమే పూజ, వెలుగు మసకబారగానే దివిటీలు, దీపాలు, అందరం కలిసి తినడం. ఆ తర్వాత ఆవిడని బండి మీద దింపి, ఆవిడతో పనిచేసే వాళ్ళకి ఒక డబ్బా గవ్వలు ఇచ్చి వచ్చాను. చిచ్చుబుడ్లలో సగం ఆవిడ కోసం మర్నాటి సాయంత్రానికి దాచాం. షిఫ్టు ఉద్యోగాలు ఉన్న ఇళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముహూర్తం కన్నా ఇంటిల్లిపాదీ ఉండే గంట ఏదో ముందు చూసుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ పెట్టుకోండి.

చవితి, ఆ తర్వాత సర్దుడు

మన వైపు నాగులచవితికి కూడా టపాసులు కాలుస్తారు కాబట్టి దీపావళి నాడే మూడో వంతు తీసి పక్కన పెట్టండి, లేకపోతే మళ్ళీ కొట్టుకి పరిగెత్తాలి. చిమ్మిలికి నువ్వులు, బెల్లం రోట్లో దంచితేనే నూనె పట్టి ముద్ద అవుతుంది. మా అమ్మ పొద్దున్నే "రోలు కడిగీసినాను, బేగి రండి" అని పిలుస్తుంది, పిల్లలు వంతులు వేసుకుని దంచుతారు. చలివిడికి తడి బియ్యప్పిండి కావాలి, రాత్రే బియ్యం నానబెట్టుకోండి. పుట్ట దగ్గర పాలు కొంచెమే పొయ్యాలని పిల్లలకి చెబుతాను. పుట్ట కన్నం దగ్గర చెయ్యి పెట్టనివ్వను, టపాసులు పుట్టకి బాగా దూరంగా కాలుస్తాం.

ఆ సాయంత్రమే సర్దుడు పెట్టుకోండి, వారం ఆగితే నెల ఆగుతుంది. లైట్ల దండల్ని అట్టముక్కలకి చుట్టి, ఒక్కోదాని మీద ఎక్కడ కట్టామో రాయండి: బాల్కనీ, మెట్లు, కిటికీ. పనిచెయ్యనివి అక్కడే వేరు చేసెయ్యండి. మిగిలిన టపాసులు ఇంట్లో దాచొద్దు, ఆ రాత్రికే కాల్చెయ్యండి. నోటుబుక్కు చివరి పేజీలో ఏవి ఎక్కువయ్యాయి, ఏవి తక్కువయ్యాయి అన్నది పెద్దదాని చేత రాయించండి. ప్రమిదల్ని మాత్రం అటక ఎక్కించకండి. వేడి నీళ్ళలో కడిగి ఎండబెట్టి వంటింట్లోనే ఉంచండి. కార్తీకమాసం నడుస్తోంది, సోమవారాలకీ పౌర్ణమికీ అవే కావాలి.